చెక్కవంతెన దగ్గర పలికినది

యాంగ్‌వా ఊళ్ళో పొద్దుగూకాక ఎవరూ చెక్కవంతెన దాటరు.

పగలు దాటుతారు. మేకల్ని తోలుకెళ్తారు, రేగుపళ్ళ బుట్టలు మోసుకొస్తారు, పనీపాటా లేనివాళ్ళు దాని మీదే కూర్చుని కాళ్ళాడిస్తూ సిగరెట్లు కాలుస్తారు. చీకటి పడిందా... ఎంత మొనగాడైనా గండి చుట్టూ తిరిగి పెద్ద రోడ్డు మీదుగా రావలసిందే. ఆలస్యమైతే అయింది, ఇంట్లో నూడుల్స్ చల్లారితే చల్లారాయి.

వంతెనకు అవతల, గుట్ట మీద, బిడ్డల తల్లి గుడి. ఇవతల కొత్తగా కట్టిన ఇటుక ఇళ్ళు. మధ్యలో వానలకు కోసుకుపోయిన పచ్చమట్టి గండి. ఒకప్పుడు ఊరు చాలావరకు గుడి పక్కనే, గుట్టలో తొలుచుకున్న గుహ ఇళ్ళలో ఉండేది. ఇప్పుడు ఆ ఇళ్ళకు తాళాలు పడ్డాయి, వాకిళ్ళలో గడ్డి మొలిచింది. పైన మిగిలింది గుడి, గుడికి కాపలా ఉండే ఆడమనిషి, ఒక నల్ల కుక్క. ఇంకా... అది.

'అది' అనే అంటారు. పేరు పెట్టి అనరు.

అది గుడి మెట్లు దిగి వస్తుందట. వెనక నుంచి చూస్తే ఆడమనిషే. నెత్తి మీద ముసుగు ఉంటుంది. పిలిస్తే ఆగదు, పలకదు, తల తిప్పదు. వంతెన దగ్గరికొచ్చి నిలబడి ఎవరినో పిలుస్తుంది. అప్పుడు చీకట్లోంచి— మనిషి కనపడకుండా— పసిపిల్ల గొంతు ఒకటి పలుకుతుంది...

దీన్ని కళ్ళారా చూసినవాడు, చెవులారా విన్నవాడు దింగ్ బాబాయి ఒక్కడే. దాదాపు ముప్పై ఏళ్ళ కిందట గుట్ట మీది పాత ఊళ్ళో పెళ్ళి భోజనం చేసి, జొన్న సారా పీకలదాకా పట్టించి వస్తున్నాడు. ముందు పోతున్న మనిషిని చూసి "ఎవరమ్మా అది?" అన్నాడు. పలకలేదు. మళ్ళీ అన్నాడు. పలకలేదు. ఆ తర్వాత పసిగొంతు పలికింది. అంతే, బాబాయి గండిలో పడ్డాడు. ముందుపళ్ళు రెండూ అక్కడే ఉన్నాయి ఇప్పటికీ.

నమ్మనివాళ్ళకు బాబాయి పళ్ళ సందు చూపిస్తాడు. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కథ ఒక నోటి నుంచి ఇంకో నోటికి మారేకొద్దీ పెరిగింది. జుట్టు మోకాళ్ళదాకా దిగింది, పాదాలు మాయమయ్యాయి, పురిట్లో పోయిన కోడలెవరో బిడ్డ కోసం తిరుగుతోందని ఒకరన్నారు, కాదు బావిలో దూకిందని ఇంకొకరన్నారు. ఏదైతేనేం, వంతెన ఖాళీ అయింది.

ఆ రాత్రి సంగతి చెప్పాలంటే కాపలా మనిషి లామెయ్ గురించి ముందు చెప్పాలి.

లామెయ్‌కి అరవై దగ్గర పడుతోంది. గుడి కాపలా అసలు ఆమె మొగుడు గెన్‌షెంగ్ పని. అతను పోయాక, కాపలాకు ఇంకెవరూ ముందుకు రాక, ఆమెనే ఉంచారు. గుడి గుమ్మం పక్క గదిలో ఇటుకల పడక, కింద బొగ్గు కుంపటి. పొద్దున్నే లేచి గుడి తలుపు తీస్తుంది, ఈక కుంచెతో దుమ్ము దులుపుతుంది, అగరొత్తులు వెలిగిస్తుంది, రాత్రి తాళం వేస్తుంది. ఆమెకు పిల్లల్లేరు. ఒకప్పుడు తనూ ఆ తల్లిని అడిగింది. తల్లి ఇవ్వలేదు. ఆ సంగతి లామెయ్ ఎవరి దగ్గరా ఎత్తదు.

కోపం మాత్రం పెట్టుకోలేదు. పెట్టుకుంటే ఇక మాట్లాడటానికి ఎవరున్నారు? లోపల బిడ్డల తల్లి కూర్చుని ఉంటుంది, నిండుగా, రంగు వెలిసిన ఎర్ర అంచు బట్టల్లో. ఆమె ఒడిలో, మోకాళ్ళ మీద, భుజాల మీద, పీఠం మెట్ల మీద ఎక్కడ చూసినా అరచేతిలో పట్టేంత మట్టి పిల్లలు. ఒకడు బోర్లా పడుకుని ఉంటాడు, ఒకడు కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుంటాడు, ఒకడు ఎందుకో తెలియదు, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. వందల ఏళ్ళనాటి పిల్లలు. "లేవండ్రా, పొద్దెక్కింది," అని తలుపు తీస్తూ అంటుంది లామెయ్. "కాళ్ళు ముడుచుకో, దులపాలి," అంటుంది. రోజంతా ఆమె నోరు కదిలేది అక్కడే.

ఇప్పుడు వాటినే తీసుకుపోతామని కూర్చున్నారు.

పక్క లోయలో గుడిని దొంగలు దోచారు. ద్వారపాలకుల తలలు రంపంతో కోసి పట్టుకెళ్ళారు. పైగా ఈ గుడి కప్పు వానకు కారుతోంది, గోడమీది బొమ్మలు ఉబ్బుతున్నాయి. అందుకని జిల్లా పట్నం నుంచి పురాతన వస్తువుల ఆఫీసు మేడం వచ్చి చూసి, తల్లినీ పిల్లల్నీ మ్యూజియంకి తరలించి, గుడికి తాళం వేస్తే మంచిదని చెప్పింది. ట్రక్కు మర్నాడు పొద్దున్నే వస్తుంది.

ఆ మేడం పేరు తాన్ జింగ్. నలభైకి ఇవతలే. చకచకా నడుస్తుంది, చకచకా మాట్లాడుతుంది, ఫోను ఎప్పుడూ చేతిలోనే. ఆ రోజు మధ్యాహ్నమే సన్నటి వానలో వచ్చింది, తెల్లటి గుడ్డలూ దూదీ వెంట తెచ్చుకుని. పెద్ద విగ్రహాల చేతులకూ కిరీటాలకూ దూది పెట్టి, గుడ్డ చుట్టి, తాడు కడుతుంటే... లామెయ్‌కి శవానికి బట్ట కడుతున్నట్టనిపించింది. మొహం తిప్పుకుంది.

దింగ్ బాబాయి కూడా వచ్చి గడప మీద చేరాడు. పగలే కదా, ధైర్యంగా వచ్చాడు.

"ఏమమ్మా లామెయ్, రేపట్నుంచి నీకు కాపలా లేదు, జీతం లేదు. ఇంకా ఈ గుట్ట మీదే ఉంటావా? దెయ్యానికి తోడా?"

"నీకంటే నయమే బాబాయ్. అది కనీసం పళ్ళికిలించదు."

"నవ్వు, నవ్వు. కిందికి రావే పిచ్చిదానా. మా కోడలు పాత గది ఖాళీ చేసిస్తానంది."

"దానికి నేనెవర్ని? ఓ వారం బాగానే చూస్తుంది, ఆ తర్వాత కుండ అడుగున గంజి పోస్తుంది."

కోడలి సంగతి బాబాయికీ తెలుసు.

తాన్ జింగ్ పని ఆపి వాళ్ళ మాటలు వింది. జేబులోంచి సాసేజ్ తీసి, తొక్క ఒలిచి, నల్ల కుక్కకు వేసింది. కుక్క పేరు నల్లోడు. కొత్తవాళ్ళను చూస్తే మెడ తెగేలా మొరుగుతాడు. ఆ మేడం కాళ్ళ దగ్గర మాత్రం పొర్లి పొర్లి ఆడాడు. తిండికి అమ్ముడుపోయాడని లామెయ్‌కి వాడి మీద కూడా కోపం వచ్చింది.

"పిన్నీ, ఈ చిన్నవాటి మధ్య ఇన్ని ఖాళీలేంటి? ఇవి కూడా దొంగలేనా?" అంది తాన్ జింగ్, తల్లి ఒడిని చూస్తూ.

"దొంగలు కాదు మేడం. అమ్మలు."

"అంటే?"

"పిల్లల్లేనివాళ్ళు వచ్చి ఒక బొమ్మని ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు. ఆ వెనకే అసలు బిడ్డ వస్తాడని. అదంతా ఎప్పటిమాటో. ఇప్పుడెవరొస్తారు? అందరూ ఆస్పత్రులకే."

"ఆస్పత్రులు కూడా..." అని ఏదో అనబోయి ఆగింది. తర్వాత ఫోను వైపు చూసుకుని, అక్కర్లేనంత గట్టిగా అంది. "చిన్నవాటిని రేపు పొద్దున పెట్టెలో సర్దుదాం. పిన్నీ, ఇవాళ్టి రాత్రి జాగ్రత్త. ఇప్పుడు వీటిలో ఒక్కటి పోయినా పోలీసులు నిన్నే అడుగుతారు. ఆ రెండో తాళంచెవి నాకియ్యి, పొద్దున్నే వచ్చి మొదలుపెడతాను."

ఇచ్చింది లామెయ్. మేడం వంతెన దాటి కిందికి వెళ్ళిపోయింది. గ్రామ కార్యాలయం పక్క గదిలో పడక ఏర్పాటు చేశారు ఆమెకు. దింగ్ బాబాయి చీకటి పడకముందే, ముసలి కాళ్ళు ఎంత వేగంగా పోనిస్తే అంత వేగంగా పోయాడు.

లామెయ్ గుడికి తాళం వేసింది. వేసిన తాళాన్ని పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది.

కొర్ర గంజి కాచుకుంది గానీ తాగబుద్ధి కాలేదు. పడక మీద నడుం వాల్చింది. రేపటి నుంచి పొద్దున్నే లేచి ఎవర్ని లేపాలి? ఎవరి కాళ్ళు ముడుచుకోమనాలి? గెన్‌షెంగ్ పోయినప్పుడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదామెకు. అప్పుడు ఏడ్చి ఏడ్చి లేచి గుడి తలుపు తీసింది, లోపల అంతమంది పిల్లలు ఆమె కోసం చూస్తున్నట్టే ఉన్నారు. ఇప్పుడు ఏడ్చి లేస్తే తీయడానికి తలుపే ఉండదు.

వాన ఆగింది. చూరు నుంచి నీటి చుక్కలు పడుతున్నాయి... టప్... టప్... కన్ను అంటుకుందో లేదో—

చప్పుడు.

గాలి కాదు. గుడి తలుపు కీచుమంది. ఆ కీచు ఆమెకు తెలుసు. రోజూ రెండుసార్లు వినే కీచు.

నల్లోడు మొరగలేదు.

వాడు వాకిట్లోనే ఉన్నాడు. కిటికీకి అంటించిన కాగితం చిల్లులోంచి కనిపిస్తూనే ఉన్నాడు. చెవులు నిక్కించి గుడివైపు చూస్తున్నాడు, తోక మెల్లగా ఊపుతున్నాడు. గాలికి రాలిన ఆకును చూసినా ఇంతెత్తున లేచే కుక్క... కిక్కురుమనలేదు. కుక్కలకు కనిపిస్తాయంటారు కదా అలాంటివి.

బొగ్గు కదిపే ఇనప ఊచ అందుకుంది. టార్చి పట్టుకుంది, వెలిగించలేదు. దొంగలైతే? ఊచ ఉంది. దొంగలు కాకపోతే... ఊచ దేనికి పనికొస్తుంది?

మెట్లెక్కింది. తాళం కొక్కేనికి వేలాడుతోంది. పగలగొట్టలేదు, రంపం పెట్టలేదు. తాళం దానంతటదే నోరు తెరుచుకున్నట్టుంది.

తలుపు సందులోంచి చూసింది.

లోపల చిక్కటి చీకటి. తెల్లగుడ్డలు కట్టిన విగ్రహాలు గోడల పొడుగునా నిలబడి ఉన్నాయి. మధ్యలో ఒక ఎర్రటి చుక్క, అగరొత్తి మొన, గాల్లో తేలుతోంది. ఆ చుక్క పక్కన... ఇంకో తెల్లటి ఆకారం. నెత్తి నుంచి కిందిదాకా తెలుపే. విగ్రహాలు కదలవు. ఇది కదిలింది. వంగింది. తల్లి ఒడిలోకి చెయ్యి చాచింది.

గుసగుసగా ఒక గొంతు—

"లే నాన్నా... లే. ఇంటికెళ్దాం..."

లామెయ్ పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కకు, స్తంభం చాటుకు ఎలా వచ్చి పడిందో ఆమెకే తెలియదు.

తెల్లటి ఆకారం గడప దాటింది. ఎడమచెయ్యి రొమ్మును హత్తుకుని ఉంది, కుడిచేతిలో అగరొత్తి. ఆమె పక్కనుంచే, చెయ్యి చాస్తే అందేంత దూరంలోంచి పోయింది. పాదాల చప్పుడు లేదు. తడిమట్టి మీద ఎవరి పాదాలు మాత్రం చప్పుడు చేస్తాయి— కానీ ఆ మాట ఆ క్షణంలో ఎవరికి తడుతుంది?

మెట్లు దిగింది. నల్లోడు దాని వెనక నాలుగడుగులు నడిచి, ఆగి, కూర్చున్నాడు.

లామెయ్ లోపలికి చూసింది. టార్చి ఒక్క క్షణం వెలిగించి ఆర్పింది. తల్లి ఒడిలో, ఎప్పుడూ నవ్వే పిల్లాడు లేడు.

ఇక భయం ఒక పక్క, కడుపుమంట ఒక పక్క. దెయ్యమైతే అయింది, వాణ్ణెందుకు పట్టుకుపోవాలి? పోలీసులు తనను అడుగుతారు, అది సరే. అడగనీ. కానీ ఆ పిల్లాడు, ఇన్నేళ్ళుగా పొద్దున్నే తనను చూసి నవ్విన పిల్లాడు. తల్లిని తీసుకుపోతున్నారు, పిల్లల్ని తీసుకుపోతున్నారు, ఆఖరికి దెయ్యం కూడా తన దగ్గరే దోచుకోవాలా?

ఊచ పట్టుకుని వెంటపడింది.

"ఎవరది?"

ఎర్రచుక్క ముందుకు పోతోంది.

"ఆగు! ఎవరది?"

ఆగలేదు. పలకలేదు. తల తిప్పలేదు. తెల్లటి ముసుగు ఒక్కసారి వణికింది, నడక కాస్త పెరిగింది. అంతే. దింగ్ బాబాయి చెప్పింది చెప్పినట్టే... అక్షరం పొల్లుపోకుండా. అయినా లామెయ్ ఆగలేదు. తాళాలు పడ్డ గుహ ఇళ్ళు ఒకటొకటే వెనక్కి పోయాయి. ఒక్క కిటికీలో వెలుగు లేదు. అరిచినా వినే నాథుడు లేడు.

చెక్కవంతెన వచ్చింది.

తెల్లటి ఆకారం ఆగింది. లామెయ్ కూడా ఆగింది. రేగుచెట్టు చాటున నక్కింది. మబ్బు కాస్త విడి, సన్నటి వెన్నెల గండి మీద పడింది.

"నాన్నా..." అంది ఆ గొంతు. "వంతెనొచ్చింది. భయపడకు. అమ్మ వెంటే రా..."

ఇప్పుడు పలుకుతుంది. చీకట్లోంచి పసిగొంతు. ఇప్పుడు...

పలకలేదు.

గండిలో గాలి వీచింది. ఎక్కడో మట్టిపెళ్ళ ఒకటి జారి కిందపడింది.

"నాన్నా, వంతెనొచ్చింది. భయపడకు. అమ్మ వెంటే రా..."

ఏ చప్పుడూ లేదు.

ఆ మాటలు లామెయ్ చెవిలో పడి, చెవిలో ఆగలేదు. ఇంకా లోపలికి, ఎప్పుడో తాళం వేసుకున్న చోటికి వెళ్ళాయి. ఆ మాటలు ఆమెకు తెలుసు. ఆ మాటల తర్వాత ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలుసు. ఎందుకంటే సరిగ్గా అక్కడే, ఆ చెక్క ముందే, గుండెలకు మట్టి బొమ్మను హత్తుకుని, మెడకు ఎర్రదారం కట్టి, ఆమే అన్నది ఆ మాటలు.

పెళ్ళయిన నాలుగో ఏడో, అయిదో ఏడో. అప్పుడు వాళ్ళ కాపురం వంతెన దాటాక, కింది వైపు. అత్తగారు దగ్గరుండి చేయించింది. గడప దాటాక మనిషన్నవాడితో మాట్లాడకూడదు. ఎవరు పిలిచినా తల తిప్పకూడదు, తిప్పితే బిడ్డ దారి తప్పుతాడు. వంతెన దగ్గరా, ఇంటి గడప దగ్గరా బిడ్డని పిలవాలి. పిలిచాక... పిలిచాక పలుకు వినపడందే అడుగు వేయకూడదు. మట్టి బిడ్డ ఎలా పలుకుతాడు? అందుకే వెనక ఇంకో ఆడమనిషి రావాలి, అత్తో అమ్మో, బిడ్డ బదులు ఆమె పలకాలి. ఆ రోజు చీకట్లో కాస్త ఎడంగా అత్తగారు నడిచి వచ్చింది. పళ్ళూడిన నోటితో, సన్నగా గొంతు పెట్టి పలికింది.

అంతకుముందే, దారిలో, వెనక నుంచి ఎవడో "ఎవరమ్మా అది?" అని రెండుసార్లు కేకేశాడు. దెయ్యం పిలుస్తోందని అత్తాకోడళ్ళిద్దరూ గజగజ వణుకుతూ, తల తిప్పకుండా ఇల్లు చేరారు. గండిలో ఏదో పడ్డ చప్పుడు కూడా విన్నారు. దెయ్యమే దూకిందనుకున్నారు.

దింగ్ బాబాయి! ఓరి దేవుడా. మోకాళ్ళదాకా జుట్టు, పాదాల్లేని నడక— ఊరంతా ఇన్నేళ్ళు దడుచుకుని చచ్చిన దెయ్యం తనే. కథ తన చెవిదాకా వచ్చేసరికి ఎంత పెరిగిపోయిందంటే, అందులో తనను తానే ఆనవాలు పట్టలేకపోయింది. భయంలోనూ లామెయ్‌కి నవ్వొచ్చింది. నవ్వు గొంతుదాకా వచ్చి ఏడుపైంది.

వంతెన దగ్గర నిలబడ్డది దెయ్యం కాదు. ఎవరో పిల్ల. పిల్లల కోసం వచ్చిన పిల్ల. రేపు తల్లి ఇక్కడ ఉండదని తెలిసి, ఇవాళ ఒక్క రాత్రే మిగిలిందని వచ్చింది.

వెనక ఎవరూ లేరామెకు. అత్త లేదు, అమ్మ లేదు, పలకడానికి ఒక్క మనిషి లేదు.

"నాన్నా..." మూడోసారి. ఇప్పుడా గొంతు పగిలిపోతోంది. "వంతెనొచ్చింది... రా నాన్నా... రావా?..."

అడుగు వేయలేదు. వెనక్కి రాలేదు. అలాగే నిలబడి, ముసుగులో భుజాలు ఎగిరెగిరి పడుతుంటే, ఏడుస్తోంది.

లామెయ్ చేతిలోని ఊచ మెల్లగా నేలమీద పెట్టింది. ఆ పిల్ల వాణ్ణి తీసుకెళ్తే రేపు తనను దొంగంటారు. ఇప్పుడు ఒక్క పరుగు తీస్తే వాడు మళ్ళీ ఒడిలోకి వస్తాడు. అంతా తెలుసు. అయినా నోరు దానంతటదే తెరుచుకుంది. ఎప్పుడూ, ఏ బిడ్డా తనను అనని మాటను, సన్నగా, చీకట్లోకి వదిలింది.

"వస్తున్నానమ్మా..."

తెల్లటి ఆకారం కొయ్యబారిపోయింది. తల తిప్పబోయి... బలవంతాన ఆపుకుంది. ఇంకో క్షణానికి చెక్క కిర్రుమంది. ఎర్రచుక్క వంతెన దాటి, అవతలి మలుపు తిరిగి, మాయమైంది.

లామెయ్ వచ్చిన దారినే తిరిగి వెళ్ళింది. గదిలో పడక చల్లారిపోయి ఉంది.

తెల్లారాక గుడి తలుపు తీసింది. "లేవండ్రా," అంటూనే తల్లి ఒడివైపు చూసింది. నవ్వే పిల్లాడి చోట ఒక ఎర్రదారం ముక్క, రెండు రేగుపళ్ళు ఉన్నాయి. వాటిని తీసి జేబులో వేసుకుంది.

తాన్ జింగ్ వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. రాత్రి నిద్ర పట్టలేదేమో, కొత్తచోటు కదా అనుకుంది లామెయ్. మేడం బిడ్డల తల్లి ఒడివైపు చూడకముందే, లామెయ్ ముందుగా అనుకున్న మాటలు గబగబా అప్పజెప్పింది.

"మేడం, రాత్రి దులుపుతుంటే ఒక బొమ్మ నా చేతిలోంచి జారి పగిలింది. ఎవరి తప్పూ లేదు. నాదే."

తాన్ జింగ్ ఆమె వైపు వింతగా చూసింది. "ముక్కలేవీ?"

"గండిలో పారేశా."

"రాత్రి చీకట్లో దులిపావా?"

"అలవాటు మేడం."

"పోలీసులు వస్తారు. తెలుసా?"

"రానీ. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతా. ఇంకెవర్నీ అడగొద్దనండి. పాపం, ఇంకెవరికీ..." అని మాట మింగేసింది.

తాన్ జింగ్ ఉన్నట్టుండి గుడి మెట్టు మీద కూలబడింది. నల్లోడు వచ్చి ఆమె ఒళ్ళో మూతి పెట్టాడు. ఆమె ఫోను తీసింది.

"ఎక్కడున్నారు?... వెనక్కి తిప్పండి. అవును, ట్రక్కు వద్దు... నేనే చెప్తున్నాను. విగ్రహాలు కదిలిస్తే పగుళ్ళిస్తాయని రాస్తాను. ముందు కప్పు బాగుచేయించి, ఇక్కడే ఉంచుదాం... తిడితే తిట్టనీ. పడతాను."

ఫోను పెట్టేసింది. లామెయ్‌కి ఆ మాటలు చెవిన పడ్డాయి గానీ మనసుకు అందలేదు.

"మేడం... తల్లి ఇక్కడే ఉంటుందా?"

"ఉండాలిగా పిన్నీ. బిడ్డ పుట్టాక మట్టి బిడ్డని ఎక్కడ తీశామో అక్కడే తిరిగి పెట్టాలని మా అమ్మమ్మ చెప్పేది. అద్దాల పెట్టె ముందు నిలబడి ఎవరికిస్తాను?"

లామెయ్ ఆమెను చూసింది. నల్లోడిని చూసింది. ఆ మూలన కుప్పగా పడి ఉన్న తెల్లగుడ్డలు, తాళం కప్పకు పనికొచ్చే రెండో తాళంచెవి, సాసేజ్ ముక్కకు అమ్ముడుపోయిన కుక్క... ఒక్కొక్కటే కళ్ళ ముందు కదిలాయి. "నువ్వా అమ్మా," అంది. మేడం అనడం మర్చిపోయింది.

"మా ఆయన, ఇక చాలు, వదిలెయ్యి అన్నాడు పిన్నీ. అమ్మ లేదు. అత్తగారికి చెబితే నవ్వుతుంది. ఒక్కదాన్నే వచ్చాను. గుడి నుంచి దిగుతుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు, ఎవరది ఎవరది అని... చచ్చాననుకున్నాను. తల తిప్పలేదు." కన్నీళ్ళు కారుతున్నా తాన్ జింగ్ మొహం వెలిగిపోతోంది. "వంతెన దగ్గర మూడుసార్లు పిలిచాను. పలికేవాళ్ళు లేరని తెలుసు. తెలిసీ పిలిచాను. పలికింది పిన్నీ! నిజంగా పలికింది."

పలికింది నేనేనమ్మా అని చెప్పాలని నోటిదాకా వచ్చింది లామెయ్‌కి. చెప్పలేదు. ఆ మొహంలో వెలుగును చేతులారా ఎవరు ఆర్పుతారు? దగ్గరికెళ్ళి ఆమె తల నిమిరింది.

"పలుకుతుందమ్మా. మంచి మనసుతో పిలిస్తే పలుకుతుంది."

"అందుకే కింద నా గది గడప దగ్గర భయపడలేదు," అంది తాన్ జింగ్. "అక్కడ ఒక్కసారే పిలిచాను. వెంటనే పలికింది."

లామెయ్ చెయ్యి ఆమె తలమీదే ఆగిపోయింది.

"ఈసారి వెనక నుంచి కాదు పిన్నీ." తాన్ జింగ్ గొంతు బాగా తగ్గించింది. కోటు మీద, రాత్రి బొమ్మను హత్తుకున్న చోట, అరచెయ్యి పెట్టి చూపించింది. "ఇక్కణ్ణుంచి."

లామెయ్ రాత్రి వంతెన దాటనే లేదు.